గోడ కోసిన తర్వాత మొదలయ్యే అసలు పని: కొత్త దారికి అంచులు కట్టడం

రెండు గదుల మధ్య గోడకు కొత్తగా దారి పెట్టాలనుకునేవాళ్లు ముందుగా భయపడేది కొట్టుడుకే. దుమ్ము లేస్తుంది, చప్పుడుకు ఇల్లంతా అదురుతుంది, సామాన్లన్నీ కప్పిపెట్టుకోవాలి. ఆ హడావుడి మాత్రం ఒకటి రెండు రోజుల్లో ముగిసిపోతుంది. ఏళ్ల తరబడి సతాయించేది దాని వెనక మిగిలే అంచు. కోసిన చోట సగానికి విరిగిన ఇటుకలు బయటికి చూస్తుంటాయి. కొన్ని చేత్తో పట్టుకుంటే ఊడి వస్తాయి. రెండు వైపులా పాత పూత (ప్లాస్టరింగ్) పెచ్చులు లేచి ఉంటుంది. పైన కొత్త లింటెల్ (దారి మీది బరువు మోసే అడ్డ దూలం), కింద ఒకప్పుడు గోడ నిలబడిన చోట ఫ్లోరింగ్ లేని పట్టీ. దీన్నంతటినీ సూటిగా, గట్టిగా, పగుళ్లు రాకుండా తీసుకురావాలి.

ఈ పని చెడిపోవడానికి నాకు కనిపించే పెద్ద కారణం, ప్రతివాళ్లూ తర్వాత వచ్చేవాళ్ల మీదికి తోసేయడం. కొట్టినవాళ్లు ‘మేస్త్రీ సరిచేస్తాడులే’ అంటారు. మేస్త్రీ ‘లప్పంలో పోతుందిలే’ అంటాడు. లప్పం పెట్టినవాళ్లు ‘పైన చెక్క పట్టీ వస్తుందిగా’ అంటారు. చివరికి వడ్రంగి పట్టీ బిగించి చూస్తే గోడలోని వంకరంతా పట్టీ వెనక సందుగా తేలుతుంది. అందుకే ఈ పనిని తిరగేసి ఆలోచించాలి. చివర్లో కంటికి కనిపించే గీత ఎక్కడ రావాలో ముందు తేల్చుకుని, ఆ గీతను తూకంలో, అంటే గుండు వేసి చూస్తే సరిగ్గా నిలువుగా, నిలబెట్టి, ఇటుకనూ మాలునూ (సిమెంటు, ఇసుక కలిపిన ముద్ద) పూతనూ చెక్కనూ దాని దగ్గరికి తీసుకురావాలి.

ముందు పైభాగం సంగతి

అంచుల మాట ఎత్తే ముందు ఒకటి తేలాలి. ఆ గోడ బరువు మోసేదా, కేవలం గదులను విడదీసేదా? పిల్లర్లు, బీములు ఉన్న ఇంట్లో మధ్యలోని ఇటుక గోడ చాలావరకు విడదీసేదే అయివుంటుంది. పిల్లర్లు లేని పాత ఇంట్లో దాదాపు ప్రతి గోడా ఏదో ఒక బరువు మోస్తూనే ఉంటుంది. కొన్ని అపార్టుమెంట్లలో గోడలే కాంక్రీటుతో పోసి ఉంటాయి. వాటిని కోసే ఆలోచన ఇంజినీరు లేకుండా చేయకూడదు. చూడగానే చెప్పేస్తామనే ధీమా ఇక్కడ పనికిరాదు.

విడదీసే గోడైనా ఇటుకలతో కట్టిందైతే దారి మీద లింటెల్ ఉండాల్సిందే. దాని రెండు చివర్లూ పక్క గోడల మీద ఒక్కోవైపు 150 మిల్లీమీటర్లకు తగ్గకుండా కూర్చోవాలన్నది సాధారణంగా పాటించే కొలత. ఈ కొలతకూ అంచుకూ సంబంధం ఉంది. గోడ మధ్యలో ఖాళీ వచ్చాక పైబరువంతా రెండు పక్కలకూ చేరి, లింటెల్ చివర్ల కిందున్న ఇటుకల మీద దిగుతుంది. సరిగ్గా ఆ ఇటుకలనే మనం సుత్తితో అదరగొట్టి వదిలేశాం. అక్కడ ఒక ఇటుక కదులుతున్నా, తర్వాత ఎంత నున్నగా పూత వేసినా లింటెల్ చివరి నుంచి ఏటవాలుగా పగులు పాకుతుంది. కాబట్టి లింటెల్ కూర్చునే చోటు కదిలే ముక్కలన్నీ తీసేసి, కొత్త మాలుతో కట్టి, అది గట్టిపడ్డాకే బరువు దించాలి. అంతదాకా పైభాగానికి పెట్టిన తాత్కాలిక ఆనింపు తీయకూడదు.

గోడలో కరెంటు పైపులు, నీళ్ల పైపులు ఉన్నాయేమో కూడా ఇప్పుడే చూసుకోవాలి. స్విచ్‌బోర్డు ఉందంటే దానికి నిలువుగా పైకో కిందికో పైపు పోతూ ఉంటుంది. అంచుకు ఆనుకుని పైపు మిగిలితే దానిమీద పూత పలచబడి, ముందుగా అక్కడే పగులుతుంది.

కోతలోనే సగం అంచు

ఒకవైపు నుంచి సుత్తితో బాదితే అవతలివైపు పూత చేటంత పెచ్చులుగా ఊడుతుంది. దాన్ని తర్వాత అతుక్కుంటూ కూర్చోవాలి. గోడకు రెండు వైపులా ఒకే గీత గీసి, కట్టర్‌తో ఆ గీత వెంబడి పూత తెగేదాకా కోసి, ఆ తర్వాత కొట్టుకుంటూ పోతే పెచ్చు గీత దగ్గరే ఆగిపోతుంది. రెండు వైపులా గీత ఒకేచోట పడాలంటే మూలల్లో ముందుగా గోడ ఆరపార చిన్న రంధ్రాలు వేసి, వాటిని కలుపుతూ గీయాలి. గది మూల నుంచి టేపుతో కొలిచి అవతలివైపు గీస్తే, గోడలు సరిగ్గా లంబంగా లేని ఇంట్లో గీత పక్కకు పోతుంది. కోసేటప్పుడు లేచే ఇటుక, కాంక్రీటు ధూళిలో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తులకు శాశ్వతంగా చేటు చేస్తుంది. నీళ్లు చల్లుతూ కోయాలి, గుడ్డ కాకుండా సరైన మాస్కు పెట్టుకోవాలి.

ఎంత కోయాలన్న లెక్క కూడా కోతకు ముందే తేలాలి. పని పూర్తయ్యాక 900 మిల్లీమీటర్ల వెడల్పు కావాలి, రెండు పక్కలా 15 చొప్పున పూత వస్తుందనుకుంటే కనీసం 930 కోయాలి. చెక్క ద్వారబంధం పెట్టేట్టయితే బంధం మందం, దాని వెనక సర్దుబాటుకు కాస్త సందు కూడా కలపాలి. విరిగే ఇటుకలు గీత మీదే ఆగవు. కొన్ని లోపలికి విరుగుతాయి, కొన్ని బయటికి పొడుచుకొస్తాయి. లోపలికి విరిగినదాన్ని నింపుకోవచ్చు. పొడుచుకొచ్చినదాన్ని వదిలేస్తే అక్కడ పూతకు చోటుండదు. సరిగ్గా సరిపోయేంత కోసి, తర్వాత ఇటుక మొనల మీద రెండు మిల్లీమీటర్ల పూతతో నెట్టుకొచ్చిన దారులే తొందరగా పెచ్చులు రాలేది.

ఏ గీతకు కట్టుబడాలి?

పాత గోడ ఏదీ నిక్కచ్చిగా తూకంలో ఉండదు. కాస్త ముందుకో వెనక్కో వాలి ఉంటుంది, మధ్యలో పొట్ట ఉంటుంది, ఒకచోట 140 మిల్లీమీటర్ల మందం ఉంటే జానెడు పైకి పోయేసరికి 148 ఉంటుంది. ఇలాంటి గోడలో కొత్త అంచును తూకానికి పెట్టాలా, గోడ పోకడకు పెట్టాలా అన్నది చాలామందిని తికమకపెట్టే ప్రశ్న. నా లెక్క ఇది. గోడకు ఎదురుగా నిలబడి చూసినప్పుడు కనిపించే నిలువు గీత కచ్చితంగా తూకంలో ఉండాలి. అందులో రాజీ లేదు, ఎందుకంటే పక్కనున్న కిటికీతోనో, తలుపుతోనో, బీరువాతోనో కన్ను దాన్ని పోల్చి పట్టేస్తుంది. గోడ ముందుకో వెనక్కో వాలినదాన్ని మాత్రం అంచు అనుసరించాలి. గోడ వాలి ఉండగా అంచును ఒక్కదాన్నే తూకానికి తెస్తే, అంచు ఒకచోట గోడలో మునిగి, ఇంకోచోట బయటికి పొడుచుకొస్తుంది.

దారికి తలుపు పెట్టేట్టయితే లెక్క మారుతుంది. ద్వారబంధం రెండు దిక్కులా తూకంలో లేకపోతే తలుపు దానంతటదే తెరుచుకుంటుంది, లేదా మూసుకుంటుంది. అప్పుడు బంధాన్ని తూకంలో నిలబెట్టి, గోడ పూతనే దాని దగ్గరికి తేవాలి. ఆ తేడాను నాలుగు వేళ్ల వెడల్పులో సర్దితే వాపులా కనిపిస్తుంది. అరమీటరు మేర నెమ్మదిగా పలచబరుస్తూ పోతే ఎవరికీ తెలియదు.

పైగీత విషయంలో ఇంకో చిక్కుంది. రసమట్టం పెడితే సమంగానే ఉంటుంది, కానీ సీలింగే ఒకవైపు వాలి ఉంటుంది. దారి పైభాగానికీ సీలింగుకూ మధ్య ఎడం ఎక్కువుంటే మట్టాన్నే నమ్మాలి. ఎడం జానెడో, అంతకన్నా తక్కువో అయితే ఆ సన్నటి పట్టీ ఒకవైపు వెడల్పుగా, ఇంకోవైపు ఇరుకుగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్కడ తేడాను చెరిసగం పంచుకోవడమే తెలివి.

కొలతలు ఒక్కచోట తీసుకుంటే సరిపోదు. వెడల్పును కింద, నడుమ, పైన కొలవాలి. రెండు ఐమూలలూ కొలిచి సమానంగా ఉన్నాయో లేదో చూడాలి. గోడ మందాన్ని రెండు పక్కలా, పైభాగంలోనూ చాలాచోట్ల కొలిచి, అన్నిటికన్నా ఎక్కువగా వచ్చినదాన్ని రాసుకోవాలి. చెక్కతో ముగించేవాళ్లకు ఆ పెద్ద అంకెతోనే పని.

ఇటుక గోడకు పూతతో అంచు కట్టడం

మొదట అంచు వెంబడి ప్రతి ఇటుకనూ సుత్తి పిడితో తట్టి చూడాలి. డొల్లగా మోగినది, కదిలినది తీసేయాల్సిందే. ఇటుక ఊడిన గుంతల్లో మాలు ఒక్కటే కూరి నింపకూడదు. అంత మందంగా వేసిన మాలు బరువుకు జారుతుంది, ఎండుతూ కుంచించుకుని ఇటుక నుంచి విడిపోతుంది. ఇటుక ముక్కలను మాలుతో గట్టిగా కూర్చి, ఒకరోజు ఆగి, అప్పుడు పూతకు రావాలి. బోలు బ్లాకుల గోడైతే కోసిన చోట లోపలి గదులు తెరుచుకుని ఉంటాయి. వాటిని సన్నకంకర కాంక్రీటుతో నింపకపోతే పైన వేసే పూత కింద అంతా గాలే.

తర్వాత పాత పూత చివర. కొత్త పూత రంగు మీద అతకదు. పాత రంగును అంచు నుంచి కనీసం మూడు వేళ్ల వెడల్పున గీకేయాలి. పాత పూత చివరను కాస్త లోపలికి వాలేట్టు ఉలితో చెక్కితే కొత్త మాలు దాని కిందికి దూరి పట్టుకుంటుంది. పలచగా, పొరలా మిగిలిన చివర మీద వేసినది మాత్రం ముందుగా లేచిపోతుంది.

ఇటుకలను తడపడం అందరూ చెప్పేదే, ఎందుకో తెలిస్తే ఎంత తడపాలో తెలుస్తుంది. ఎండిన ఇటుక మాలులోని నీళ్లను పీల్చేస్తుంది. సిమెంటు గట్టిపడేది ఆరడం వల్ల కాదు, నీళ్లతో జరిగే రసాయన చర్య వల్ల. ఆ నీళ్లు పోతే మాలు ఇసుకలా పొడిపొడిగా మిగులుతుంది. అలాగని నీళ్లు కారుతుండగా మాలు వేస్తే అది నిలవకుండా జారుతుంది. ఇటుక లోపల తడిగా, పైన తేమ మెరుపు పోయి ఉన్నప్పుడు సిమెంటు పాలు (నీళ్లలో పలచగా కలిపిన సిమెంటు) పూసి, ఆ పాలు ఆరకముందే మాలు వేయాలి. కాంక్రీటు లింటెల్ అడుగు నున్నగా ఉంటుంది, నీళ్లు పీల్చదు, పైగా దాని మీద మాలు తలకిందులుగా వేలాడాలి. దాన్ని ఉలితో దగ్గరదగ్గరగా గాట్లు పెట్టి గరుకు చేయాలి. జిప్సం పూత వేసేట్టయితే అతుకు కోసం ముందుగా బాండింగ్ ద్రావణం పూయాలి.

ఇక అసలు విద్య బద్ద దగ్గరుంది. సూటిగా ఉన్న చెక్క బద్దనో అల్యూమినియం బద్దనో గోడ ముఖానికి నిలువుగా ఆనించాలి. దాని అంచు, మందంవైపు (కోసిన చోట బయటపడిన గోడ మందం మీద) వేయబోయే పూత ఎంత మందమో సరిగ్గా అంత దారిలోకి పొడుచుకుని ఉండాలి. తూకంగుండు వేసి చూసి, కదలకుండా బిగించాలి. ఇప్పుడు ఆ బద్ద అంచే హద్దు. గోడ మందంవైపు మాలు వేసి, మూలమట్టం ఆనిస్తూ, ఒకవైపు బద్ద నుంచి అవతలివైపు బద్ద దాకా లాగి సమం చేస్తారు. అది కాస్త పట్టాక బద్దను పక్కకు జరుపుతూ తీయాలి. ముందుకు లాగితే ఇంకా పచ్చిగా ఉన్న కొస బద్దతోపాటే ఊడి వస్తుంది. ఆ తర్వాత బద్దను ఇప్పుడు తయారైన మందంవైపు ముఖానికి ఆనించి, గోడ ముఖం మీది పూతను దాని దాకా తెస్తారు. రెండు ముఖాలూ కలిసిన చోట నిలువునా సూటి కొస నిలుస్తుంది. చేయి తిరిగిన మేస్త్రీ బద్ద తీశాక కొసను తాపీతో ఒక్కసారి పైనుంచి కిందికి సున్నితంగా దువ్వి, పదునును కొద్దిగా చంపుతాడు. కత్తిలాంటి కొస చూడ్డానికి బాగుంటుంది గానీ మొదటి కుర్చీ తగలగానే పలుకు లేస్తుంది. పిల్లలు తిరిగే ఇంట్లో, సామాను మోసే దారిలో కొసను వేలి మందాన గుండ్రం చేయడమే మేలని నా అభిప్రాయం.

పూత మందం ఇటుక మీద 12 నుంచి 15 మిల్లీమీటర్లు సరిపోతుంది. అంతకన్నా కావాలంటే ఒకే విడతలో దట్టించకూడదు. మొదటి పొరను గీతలు పడేట్టు గరుకుగా వదిలి, అది గట్టిపడ్డాక రెండోది వేయాలి. అంచు కదా, గట్టిగా ఉండాలని సిమెంటు వంతు పెంచేస్తుంటారు. ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ల ఇసుక అంచుకు చాలు. సిమెంటు ఎక్కువైనకొద్దీ మాలు ఎండేటప్పుడు ఎక్కువ కుంచించుకుంటుంది, వెంట్రుకవాసి పగుళ్లు వల అల్లినట్టు వస్తాయి. గంటల క్రితం కలిపి బిగిసిన మాలులో మళ్లీ నీళ్లు పోసి వాడటం అంతకన్నా చెడ్డ అలవాటు. కనీసం వారం రోజులు తడపాలి. పక్కలను తడపడం అందరికీ గుర్తుంటుంది గానీ, లింటెల్ అడుగును తడపడం మాత్రం చాలామంది మరిచిపోతారు.

బద్ద విద్య తెలిసిన చేయి దొరకనప్పుడు కార్నర్ బీడ్ ఆదుకుంటుంది. ఇనుప రేకుతోనో ప్లాస్టిక్‌తోనో చేసిన పొడవాటి మూలపట్టీ ఇది. రెండు వైపులా చిల్లుల రెక్కలు, మధ్యలో గుండ్రటి ముక్కు ఉంటాయి. మాలు ముద్దలు పెట్టి దాన్ని మూలకు అతికించి, తూకం చూసి, మాలు పట్టాక ముక్కు దాకా పూత తెస్తారు. దెబ్బలు తగిలేది ఆ ముక్కుకే కాబట్టి కొస రాలదు. ఇక్కడ పొరపాటు రెండుచోట్ల జరుగుతుంది. బీడ్లు పూత లోతును బట్టి వేర్వేరుగా వస్తాయి. పలచటి జిప్సం పొరకు చేసినదాన్ని మందపాటి సిమెంటు పూతకు వాడితే ముక్కు పూతలో మునిగిపోతుంది. రెండోది తుప్పు. జింకు పూత ఉన్న రేకైనా కత్తిరించిన చోట ఇనుము బయటపడుతుంది. బాత్రూము దారిలోనో, బయటి గోడలోనో ప్లాస్టిక్‌ గానీ స్టెయిన్‌లెస్ స్టీలు గానీ వాడాలి. లేదంటే కొన్నాళ్లకు తెల్లటి రంగులోంచి తుప్పు మరక తొంగిచూస్తుంది.

పగులు ఎందుకు అక్కడే వస్తుంది?

కొత్త దారులన్నిటికీ పగుళ్లు దాదాపు అవే మూడు చోట్ల వస్తాయి. పై మూలల నుంచి ఏటవాలుగా ఒకటి, లింటెల్‌కూ ఇటుకకూ మధ్య అడ్డంగా ఒకటి, కొత్త పూత పాత పూతను కలిసే గీత మీద ఒకటి. మూడింటికీ కారణాలు వేరు, మందూ వేరు.

లింటెల్ పగులు వేడిమి వల్ల వచ్చేది. ఒక డిగ్రీ వేడి పెరిగితే కాంక్రీటు తన పొడవులో కోటికి సుమారు 100 వంతులు సాగుతుంది. మట్టి ఇటుక దాదాపు అందులో సగమే సాగుతుంది. ఒకటిన్నర మీటర్ల లింటెల్‌కు 20 డిగ్రీల తేడా వచ్చిందనుకుంటే కాంక్రీటు 0.3 మిల్లీమీటర్లు, పక్కనే ఉన్న ఇటుక వరస 0.15 మిల్లీమీటర్లు కదులుతాయి. మిగిలిన 0.15 మిల్లీమీటర్ల తేడాను మధ్యలో ఉన్న పూత భరించాలి. సాగే గుణం లేని పూతకు అది చాలు. అందుకే రెండూ కలిసే చోట జాలీ (సన్నటి తీగల వల) వేస్తారు. ఇటుక మీద, కాంక్రీటు మీద చెరో 100 నుంచి 150 మిల్లీమీటర్లు వచ్చేట్టు పరిచి, మేకులతో గట్టిగా లాగి బిగించాలి. జాలీ గోడను అంటిపెట్టుకుని ఉంటే మాలు దాని వెనక్కి వెళ్లదు, ముడతలుపడి లేచి ఉంటే పూతపైకి తేలుతుంది. గోడకు కాస్త ఎడంగా, పూత మందం నడుమ ఉండాలి.

ఏటవాలు పగులుకు కారణం ఆ మూల ఆకారమే. గోడలో లాగుడు ఏదొచ్చినా ఖాళీ చుట్టూ తిరిగిపోవాలి, తిరిగేచోట లోపలి మూలలో అదంతా పోగుపడుతుంది. అక్కడి నుంచి 45 డిగ్రీల వాలులో గోడను చీలుస్తుంది. కాబట్టి పై మూలల దగ్గర మామూలుగా వేసే జాలీ చాలదు. పగులు దారికి అడ్డంగా ఉండేట్టు ఐమూలగా ఇంకో జాలీ ముక్క వేయాలి. బెత్తెడు వెడల్పు, జానెడు పొడవున్న ముక్క చేసే మేలు పైన పూసే ఖరీదైన లప్పం చేయదు.

కొత్త, పాత పూతల మధ్య గీత వేరే తరహా. పాతది ఎప్పుడో కుంచించుకోవడం అయిపోయింది, కొత్తది ఇప్పుడు మొదలుపెడుతుంది. కొత్త మాలులో సిమెంటు పాత పూతకన్నా ఎక్కువైతే లాగుడు ఇంకా పెరుగుతుంది. దీనికి మాలు పాళ్లు పాతదానికి దగ్గరగా ఉంచడం, చివరి పొర కింద ఫైబర్ జాలీ పట్టీ వేయడం పనిచేస్తాయి. అయినా ఒప్పుకోని చోట్లుంటాయి. ఉదాహరణకు కాంక్రీటు పిల్లర్ పక్కనే కొత్త అంచు వచ్చి, రెండూ కదులుతూనే ఉన్నప్పుడు. అక్కడ పగులును ఆపాలని పంతం పట్టేకన్నా, కలిసే చోట తాపీతో 6 నుంచి 10 మిల్లీమీటర్ల సూటి గాడి తీసి వదిలేయడం నయం. పగులు వస్తే గాడిలోనే వస్తుంది, ఎవరి కంటా పడదు. చాలామంది గాడిని చేతకాక చేసినపని అనుకుంటారు. నేను మాత్రం దాన్ని ముందుచూపున్న మేస్త్రీ గుర్తుగానే చూస్తాను.

జిప్సం బోర్డు గోడ

లోపల చెక్క లేదా ఇనుప చట్రం, రెండు వైపులా జిప్సం బోర్డు ఉన్న గోడలో పని తేలిక, కానీ దాని నియమాలు దానివి. దారి చుట్టూ చట్రం ఉండాలి. కోసిన చోట నిలువు చట్రం లేకపోతే కొత్తది పెట్టి, పైన అడ్డ చట్రం కట్టి, మందంవైపు బోర్డు ముక్కలు స్క్రూలతో బిగించాలి. బోర్డు చివర గాలిలో వేలాడకూడదు. వేలితో నొక్కితే కదిలే అంచు మీద ఏ పూతా నిలవదు. మూలలకు లోహపు, ప్లాస్టిక్ లేదా కాగితం అంటించిన బీడ్లు దొరుకుతాయి. కాగితం అంచులున్న బీడ్ మిగతావాటికన్నా పగుళ్లను బాగా తట్టుకుంటుంది, దెబ్బకు మాత్రం లోహమే మేలు. బోర్డు అంచు వేరే వస్తువుకు, అంటే ఇటుక గోడకో రాయికో ఆనుకుని ఆగిపోయే చోట మూల బీడ్ పనికిరాదు. దానికి ఒకవైపే రెక్క ఉండే పట్టీ పెట్టి, మధ్యలో సన్నటి సందు వదిలి సాగే సీలెంట్‌తో నింపాలి.

బీడ్ మీద కాంపౌండ్ (బోర్డు అతుకులనూ అంచులనూ నున్నగా కప్పే ముద్ద) మూడు పూతలుగా వెళ్తుంది. ప్రతిసారీ ముందుకన్నా వెడల్పుగా లాగుతూ చివరికి అంచు నుంచి దాదాపు అడుగు దూరం దాకా పలచబరచాలి. డబ్బాలో కలిపి వచ్చే రకం నీరు ఆవిరై ఆరుతుంది, ఆరుతూ కుంగుతుంది. కాబట్టి లోతు గుంతలకు వాడకూడదు. పొడిగా వచ్చి నీళ్లలో కలిపాక రసాయన చర్యతో బిగిసే రకం కుంగదు గానీ, ఎండాక గీకడం కష్టం. లోపలి పొరకు పొడి రకం, పైపొరకు డబ్బా రకం వాడితే రెండింటి మంచీ దక్కుతుంది.

చెక్కతో ముగిస్తే

పూత అంచు మీద నమ్మకం లేనివాళ్లు మందంవైపంతా చెక్క పలకతో కప్పి, రెండు ముఖాల మీదా పట్టీలు కొడతారు. దెబ్బలకు తట్టుకుంటుంది, పగుళ్లు కనిపించవు. పలక వెడల్పు ఎంతుండాలన్న దగ్గరే మొత్తం తిరకాసు ఉంది. గోడ మందం 140 నుంచి 148 దాకా మారుతుంటే పలక 148కి కోయాలి. పలచటి చోట పలక కాస్త పైకి ఉంటుంది, పట్టీ వెనక ఆ సందును నింపుకోవచ్చు. 140కి కోస్తే గోడ పొట్ట పలకకన్నా పైకి వచ్చి పట్టీ అడ్డదిడ్డంగా వాలుతుంది. మూలల్లో అతుకు నోరు తెరుస్తుంది. పొట్ట ఒకే ఒకచోట ఉంటే పట్టీ కింద పడే మేర పూతను చెక్కేయడం సులువైన దారి. ఎలాగూ పట్టీ కప్పేస్తుంది.

పలకను గోడకు నేరుగా మేకులు కొట్టకూడదు. పలకకూ గోడకూ మధ్య జతగా ఎదురెదురు చెక్క చీలికలు దోపి, తూకం చూస్తూ జరుపుతూ, స్క్రూ ప్రతిదీ చీలికల మీదుగానే పోవాలి. పట్టీని పలక అంచుకు సరిసమంగా పెట్టకుండా 5 మిల్లీమీటర్లు వెనక్కి పెడితే ఆ చిన్న మెట్టు నీడలో ఒకటి రెండు మిల్లీమీటర్ల వంకర దాగిపోతుంది. సమంగా పెడితే కాగితమంత తేడా కూడా కనిపిస్తుంది.

పట్టీల మూలలను 45 డిగ్రీలకు కోసి కలపడం అందం. కాకపోతే చెక్క పొడవునా దాదాపు కదలదు, అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బుతుంది, పొడికి కుంచించుకుంటుంది. అందుకే వెడల్పు పట్టీల ఏటవాలు అతుకు కాలం మారినప్పుడల్లా ఒకవైపు తెరుచుకుంటుంది. నాలుగు వేళ్లకు మించిన వెడల్పైతే పై పట్టీని నిలువు పట్టీల మీద సూటిగా కూర్చోబెట్టడమే నాకు నచ్చుతుంది. అతుకు కాస్త కదిలినా కంటికి ఆనదు.

నేల, స్కర్టింగ్

గోడ లేచిపోయిన చోట నేల మీద మిగిలే పట్టీ గురించి చాలామందికి చివరి రోజు దాకా గుర్తురాదు. రెండు గదుల నేలలూ ఒకే మట్టంలో ఉంటాయన్న హామీ లేదు. గోడ అడ్డుగా ఉన్నన్నాళ్లూ ఎవరూ పోల్చి చూడలేదు, అంతే. ముందు మట్టం చూడాలి. సమంగా ఉండి, అదే టైలు దొరికితే అదృష్టం. టైలు దొరకనప్పుడు ‘దగ్గరి రంగు’ కోసం వెతకడం కన్నా పూర్తిగా వేరే రాయితో పట్టీ వేయడం మంచిది. దాదాపు కలిసే రంగు అతుకులా కనిపిస్తుంది, వేరే రాయి గడపలా కనిపిస్తుంది. మట్టంలో తేడా ఉంటే ఆ రాతినే వాలుగా అరగదీసి పెట్టాలి, కాలికి తగిలే మెట్టు మిగలకూడదు. ఒకవైపు చెక్క ఫ్లోరింగ్ ఉంటే అది ఉబ్బడానికి 8 నుంచి 10 మిల్లీమీటర్ల సందు వదిలి, పైన కప్పుపట్టీ వేయాలి.

స్కర్టింగ్‌ను (గోడ అడుగున వేసే పట్టీని) మందంవైపుకు తిప్పాలా, అంచు దగ్గర ఆపేయాలా? పూతతో కట్టిన అంచైతే తిప్పాలి. తుడుపుకర్ర, చీపురు ముందుగా తగిలేది అక్కడే. చెక్క పట్టీలున్నప్పుడు స్కర్టింగ్ పట్టీకి ఆని ఆగిపోవాలి, పట్టీ మందం స్కర్టింగ్‌కన్నా కాస్త ఎక్కువుండాలి.

రంగు దగ్గర తొందర

కొత్త సిమెంటు పూతలో తేమ, క్షారం రెండూ ఉంటాయి. తేమ పోకముందే రంగు వేస్తే బుడగలు లేస్తాయి, తెల్లటి ఉప్పు పూస్తుంది. నాలుగు వారాలు ఆగగలిగితే ఆగాలి. లప్పం పెట్టేముందు గది చీకటి చేసి, దీపాన్ని గోడకు ఆనించినట్టు పక్కనుంచి పట్టి చూడాలి. పగటి వెలుగులో నున్నగా ఉన్న అంచు ఆ వెలుతురులో గుంతలూ గట్లూ బయటపెడుతుంది. వాటిని పెన్సిలుతో గుర్తుపెట్టుకుని అక్కడే లప్పం పెట్టాలి. గోడంతా లప్పం పట్టిస్తే అంచు దగ్గర పేరుకుని కొస మొద్దుబారుతుంది. కొత్త పూత, పాత రంగు రెండూ ప్రైమర్‌ను వేర్వేరుగా పీలుస్తాయి. ముక్కకు మాత్రమే రంగు వేస్తే పక్కనుంచి చూసినప్పుడు మెరుపులో తేడా పట్టించేస్తుంది. ఆ గోడను మూల నుంచి మూల దాకా వేయడం తప్పదు.

ఇంత చేశాక కూడా మొదటి ఏడాదిలో ఎక్కడో ఒక సన్నటి గీత కనిపించవచ్చు. దాన్ని వెంటనే లప్పంతో నింపేయకండి. ఎండాకాలం, వానాకాలం, చలికాలం ఒక చుట్టు తిరగనివ్వండి. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిలుతో అడ్డగీత గీసి తేదీ రాసిపెట్టండి. గీత దాటి పొడుగవుతున్నా, వెడల్పు పెరుగుతున్నా అది పూత సంగతి కాదు, లింటెల్ సంగతి. ఇంజినీరును పిలవాలి. అక్కడే ఆగిపోతే తాపీ కొసతో పగులును కాస్త వెడల్పు చేసి, దుమ్ము దులిపి, సాగే యాక్రిలిక్ సీలెంట్ నింపి, పైన సన్నటి ఫైబర్ పట్టీ వేసి రంగు వేసుకోవచ్చు.